కారులో రంగుల లైట్లు, రెండేళ్ళ తర్వాత: ముందు స్విచ్చు పెట్టుకోండి సామీ

ముందే చెప్పేస్తా. ఈ లైట్ల మీద నాకున్న కోపమంతా ఒక్క విషయం మీదే. వాటిని ఆపడానికి చేతికందే స్విచ్చు లేదు. పోనీ ఏ కంపెనీవాళ్ళనో తిట్టుకుందామంటే అదీ కుదరదు. పెట్టనిది నేనూ, మా అక్క కొడుకూ. "ఫోన్‌లోనే అన్నీ ఉన్నాయి కదా మామా, మళ్ళీ స్విచ్చెందుకు? అసహ్యంగా ఉంటాది" అన్నాడు వాడు. నాకూ నచ్చిందా మాట. డ్యాష్‌బోర్డుకు చిల్లు పెట్టకుండా పనైపోతుందంటే ఎవరికి చేదు?

కారు 2016 నాటి చిన్న కారు, నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. వారంటీ ఎప్పుడో దాటిపోయింది కాబట్టి వైర్లు కదిలించడానికి జంకలేదు. వారంటీ ఉన్న బండైతే ఈ పని చేసేవాణ్ణి కాదు. ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న చిన్న కంట్రోల్ బోర్డు, అందులో లైట్లను ఫోనుతో నడిపే డబ్ల్యూఎల్‌ఈడీ సాఫ్ట్‌వేర్, డబ్ల్యూఎస్2812బీ అనే రంగుల దీపాల పట్టీ, అదే స్ట్రిప్, అంటే ఏమిటో, ఎలా కలపాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి. అవన్నీ ఇక్కడ మళ్ళీ రాయను. రెడీమేడ్ కిట్ ఎందుకు కొనలేదంటే, నేను చూసిన చవక కిట్లలో స్ట్రిప్ మొత్తం ఒకే రంగు వెలుగుతుంది. నాకు డ్రైవరు కాళ్ళ దగ్గర ఒక రంగు, పక్క సీటు కింద ఒకటి, వెనక కూర్చున్నవాళ్ళకు ఇంకొకటి కావాలి. దానికి ప్రతి దీపంలోనూ చిన్న చిప్ ఉండే స్ట్రిప్పే దిక్కు.

లెక్క ఒక్కటి మాత్రం చెప్పాలి, ఎందుకంటే దాన్ని వదిలేసి వైరు కాల్చుకున్నవాళ్ళను చూశాను. మా కారులో రెండున్నర మీటర్లు పట్టింది, మీటరుకు 60 చొప్పున 150 దీపాలు. నిండు తెలుపులో ఒక్కోటి 60 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది. అంటే మొత్తం 9 ఆంపియర్లు. కారు 12 వోల్టులను 5 వోల్టులకు దించడానికి మేం పెట్టిన కన్వర్టర్ 3 ఆంపియర్లది. సాఫ్ట్‌వేర్‌లో కరెంటుకు పరిమితి పెట్టుకునే వీలుంది కాబట్టి అక్కడ కట్టడి చేశాం. నిజానికి రాత్రి నేను వాడే వెలుతురుకు అర ఆంపియరు కూడా అక్కర్లేదు. మొత్తం ఖర్చు 3,000 దాటలేదు. స్ట్రిప్, బోర్డు, కన్వర్టర్ బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్నాం. బోర్డు డేటా వైరు (ఏ దీపం ఏ రంగో చెప్పే వైరు) మీద ఇచ్చేది 3.3 వోల్టులని, స్ట్రిప్‌కు లెక్క ప్రకారం 3.5 కావాలని, వైరు పొట్టిగా ఉంచితే నడిచిపోతుందని షాపాయన చెప్పాడు. నడిచిపోయింది. నడిచిపోయే వాటిని నమ్మకూడదని తర్వాత తెలిసింది.

మొదటి నెల నేను అందరికీ చెప్పుకు తిరిగాను. మా అనంతపురం క్లాక్ టవర్ దగ్గర సిగ్నల్ పడితే పక్క బండివాళ్ళు తొంగిచూసేవాళ్ళు. వందకు పైగా ఎఫెక్ట్‌లు, పాటకు తగ్గట్టు ఎగిరే రంగులు, ఇంద్రధనుస్సు. ఇప్పుడు అందులో ఎన్ని వాడుతున్నానంటే ఒకటి. ఒకే రంగు, కదలకుండా. పాటకు ఎగిరే రంగులు మూడో రోజుకే తలనొప్పి తెప్పించాయి. నీలం వదిలేశాను, తెలుపు వదిలేశాను. రాత్రి హైవే మీద ఆ రెండూ కళ్ళను కొడతాయి. చీకట్లో పనిచేసే కంటి కణాలకు ఎరుపు దాదాపు ఆనదు. అందుకే కాళ్ళ దగ్గర ముదురు ఎరుపు వెలిగినా బయటి రోడ్డు కనబడుతూనే ఉంటుంది. నీలం పెట్టిన రాత్రి అద్దం అవతలి రోడ్డు నల్లటి గోడలా అనిపించింది. స్ట్రిప్ డ్యాష్‌బోర్డు పైన పెడితే ఇంకా దారుణం, అద్దంలో గీతలా కనబడుతుంది. మావాడు తలుపులకు, ముందు అద్దం పక్కనుండే స్తంభాలకు కూడా పెడదామన్నాడు. ఒప్పుకోలేదు. తలుపు వైర్లు తెరిచి మూసీ తెగిపోతాయి. ఇక స్తంభాల లోపల చాలా కార్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, దాని మీద వైరు తిప్పడం ప్రాణంతో ఆట.

నాకు నచ్చిన రంగును మా అమ్మ "చెనిక్కాయ పొట్టు రంగు" అంటుంది. అనంతపురం మనిషి కదా, ఆమెకు రంగులన్నీ చేలోంచే వస్తాయి. వేయించిన చెనిక్కాయను నలిపితే రాలే పొట్టు ఎలా ఉంటుందో అదే. దాన్ని పట్టుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఫోన్ తెర మీద నారింజ అంటే ఎరుపు 255, ఆకుపచ్చ 165 (ఒక్కో రంగుకు అంకె 0 నుంచి 255 దాకా). అవే అంకెలు స్ట్రిప్‌కిస్తే పసుపూ కాదు పచ్చా కాదు, పుల్లటి మజ్జిగ రంగు వచ్చింది. ఆకుపచ్చను 60కి దించితే గానీ దారికి రాలేదు. ఇంకో తిరకాసు: వెలుతురు బాగా తగ్గిస్తే ఆ 60 కాస్తా ఒకటో రెండో అయిపోతుంది, మధ్యలో మెట్లు ఉండవు, రంగు ఉన్నట్టుండి ఉత్త ఎరుపుకు జారిపోతుంది. దీనికి నా మందు, స్ట్రిప్‌ను మన వైపు కాకుండా కింది కార్పెట్ వైపు తిప్పి పెట్టడం. వెలుతురు కార్పెట్‌కు తగిలి మెత్తగా పైకి లేస్తుంది, దీపాల చుక్కలు కనబడవు, అంకెలు మరీ దించే పని ఉండదు. ఈ రెండేళ్ళలో నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే అనుకుంటా.

ఇక అసలు సంగతి.

పోయిన మే నెల. అమ్మను కంటి పరీక్షకు బెంగళూరు తీసుకుపోయాను. సాయంత్రం కళ్ళలో చుక్కలు వేశారు. ఆ మందుకు కంటిపాప పెద్దదై కొన్ని గంటలపాటు ఏ వెలుతురూ తట్టుకోలేరు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వెనక సీట్లో పడుకుంది. నేను చెనిక్కాయ పొట్టు రంగును బాగా దించి 44వ నంబరు హైవే ఎక్కాను. బాగేపల్లి దాటాం, కొడికొండ దాటాం. రోడ్డు మీద చిన్న గతుకు. పక్క సీటు కింద స్ట్రిప్ తెల్లగా ఒక్కసారి మెరిసింది. ఇంకో గతుకు. ఈసారి నీలం, పచ్చ, గులాబీ. తర్వాత గతుకుతో పని లేకుండానే మొదలైంది. తెలుపు, తెలుపు, నీలం, తెలుపు.

"ఏంది నాయనా ఇది? జాతరలో రికార్డు డ్యాన్సు బండి మాదిరి ఉండాది" అంది అమ్మ వెనక నుంచి. నవ్వుతూనే అంది. రెండు నిమిషాల తర్వాత నవ్వులేదు. "ఆర్పేయి నాయనా, కండ్లల్లో కారం పడినట్లుండాది."

ఆర్పాలంటే ఫోను. ఫోను బోర్డు వైఫైకి కలవాలి. దానికి కలిస్తే ఇంటర్నెట్ లేదంటూ ఫోను దానంతటదే విడిపోతుంది, మళ్ళీ కలపాలి. ఇవన్నీ 80 స్పీడులో, లారీల మధ్య చేసే పనులు కావు. పెనుకొండ దగ్గర పెట్రోలు బంకులోకి తిప్పాను. యాప్ తెరిచి ఆఫ్ నొక్కాను. డ్రైవరు వైపు బుద్ధిగా ఆరిపోయింది. పక్క సీటు వైపు మాత్రం నిండు తెలుపులో ఆగిపోయింది! ఇంతకుముందు మినుకుమినుకుమంటున్నదల్లా ఇప్పుడు కదలకుండా వెలుగుతోంది. తర్వాత అర్థమైంది. ఆఫ్ నొక్కితే బోర్డు "ఆరిపోండి" అని చెప్పి ఊరుకుంటుంది. ఆ మాట సరిగా చేరని దీపం చివరికి విన్న పిచ్చి రంగునే పట్టుకుని కూర్చుంటుంది. యాప్‌లో మాత్రం "ఆఫ్" అనే ఉంది. నేను యాప్‌ను చూడాలా, కారును చూడాలా?

తాళం తీస్తే ఆరిపోతాయి, నిజమే. తాళం తీసి ఇల్లు చేరేదెట్లా? ఇక మిగిలింది ఫ్యూజు పీకడం. అది స్టీరింగు కింద, మూత వెనకాల. ఫోను టార్చి వేద్దామంటే ఛార్జి 4 శాతం. చేసేది లేక తాళం ఒక్క మెట్టు తిప్పి, ఆ పాడు లైట్ల వెలుతురులోనే వాటి ఫ్యూజు ఎక్కడుందో చూసుకున్నాను. మళ్ళీ తాళం ఆపి చీకట్లో చెయ్యి పెట్టాను. ఫ్యూజు బిగుసుకుని ఉంది, గోళ్ళకు రాలేదు. అమ్మ వక్కాకు సంచిలోంచి అడకత్తెర తీసి ఇచ్చింది. కళ్ళద్దాలు తియ్యకుండానే, తడుముకుని. దాంతో పట్టి లాగితే వచ్చింది. టీ తాగుతూ ఇదంతా చూస్తున్న లారీ డ్రైవరొకడు "పెండ్లి బండా అన్నా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలీక అవునన్నాను.

అక్కణ్ణుంచి ఇంటిదాకా కారులో చీకటి. ఫోను ఛార్జరు కూడా ఆ ఫ్యూజు మీదిదే కాబట్టి ఫోనూ చచ్చిపోయింది. అమ్మ హాయిగా నిద్రపోయింది.

పొద్దున విప్పి చూస్తే కారణం సిగ్గుపడేంత చిన్నది. మన ఊరి మే ఎండ 40 దాటుతుంది, ఎండలో ఆపిన కారు లోపల సంగతి చెప్పక్కర్లేదు. స్ట్రిప్ వెనకుండే డబుల్ టేప్ బంకంతా మెత్తబడి ఊడింది. స్ట్రిప్ వేలాడి, బరువంతా టంకం వేసిన వైర్ల మీద పడి, గ్రౌండు వైరు (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) అతుకు పగిలింది. గ్రౌండు పోయిందంటే డేటా వైరు ఏం చెప్పినా స్ట్రిప్‌కు పిచ్చిగానే వినబడుతుంది. అంతకు వారం ముందే మూల ఊడటం చూశాను. బొటనవేలితో అదిమి, అంటుకుందిలే అనుకున్నాను.

ఆ తర్వాత చేసిన మార్పులు: టేప్ తీసేసి ప్లాస్టిక్ పట్టీలో స్ట్రిప్ దూర్చి చిన్న స్క్రూలతో బిగించాం. ఒక్కో ముక్కకు విడివిడిగా లావు గ్రౌండు వైరు లాగాం. డేటాకు వోల్టేజి పెంచే చిన్న చిప్ పెట్టాం. ఇక స్విచ్చు. బేస్ మోడల్ కార్లలో స్టీరింగు పక్కన ఖాళీ బటన్ గడులుంటాయి చూడండి, ఏమీ పనిచెయ్యనివి. తక్కువ మోడల్ కొన్నావని గుర్తుచెయ్యడానికే పెడతారేమో అనుకునేవాణ్ణి. అందులో ఒకటి పీకి 40 రూపాయల స్విచ్చు కన్వర్టర్‌కు ముందు 12 వోల్టుల లైన్లో పెట్టాను. పక్క గడిలో వెలుతురు పెంచి తగ్గించే నాబ్, దాన్ని బోర్డుకే కలిపాం. చిల్లు పెట్టే పనే పడలేదు. మొదటి రోజు నుంచీ ఆ గడులు నా మోకాలి పక్కనే ఉన్నాయి.

ఆ నాబ్ వచ్చాక ఈ లైట్లు మళ్ళీ నచ్చడం మొదలయ్యాయి. ఊళ్ళో కాస్త పెంచుతాను, రాప్తాడు దాటగానే చూడకుండానే తగ్గిస్తాను. యాప్ తెరిచి నెలలైంది.

ఇంతకీ పెట్టించుకోవాలా వద్దా అంటే నా దగ్గర సూటి జవాబు లేదు. నాకు నెలకు రెండు సార్లు రాత్రిపూట బెంగళూరు ప్రయాణం ఉంటుంది, వెనక పెద్దావిడ ఉంటుంది, మందుల డబ్బానో మంచినీళ్ళ సీసానో వెతుక్కోవాలి. పై లైటు వేస్తే నాకు రోడ్డు కనబడదు. అలాంటివాడికి ఆ మసక ఎరుపు బాగా పనికొస్తుంది. ఊళ్ళోనే తిరిగేవాళ్ళకు ఇది మూడు రోజుల ముచ్చట. టంకం వెయ్యడం రాకపోతే, ఇంట్లో వచ్చినవాడు లేకపోతే, ఆలోచించి దిగండి. కనెక్షన్ మాత్రం ఎప్పుడూ ఉండే లైనుకు ఇవ్వకండి. మేం మొదట అలాగే ఇచ్చాం. నల్లగా ఆరిపోయినట్టున్నా ఒక్కో చిప్ దాదాపు ఒక మిల్లీ ఆంపియరు తాగుతూనే ఉంటుంది, పైగా బోర్డు వైఫై ఒకటి. సంక్రాంతికి రైల్లో వెళ్ళి రెండు వారాలకు తిరిగొస్తే కారు స్టార్టు కాలేదు.

మొన్న మా అక్క కొడుకు కడపలో వాడి స్నేహితుడి కారుకు ఇలాంటివే బిగించి ఫొటో పంపాడు. పని నాకంటే చాలా నీటుగా చేశాడు, ఒక్క వైరు బయటికి కనబడదు. నేను ఫొటో పెద్దది చేసి స్టీరింగు పక్కన ఖాళీ గడులు వెతికాను. రెండున్నాయి. రెండూ ఖాళీగానే ఉన్నాయి. "స్విచ్చేదిరా?" అంటే "ఫోన్‌లో ఉంది కదా మామా" అన్నాడు.