హైదరాబాద్–లండన్ నేరు విమానం: గంటల లెక్క

శంషాబాద్ నుంచి హీత్రోకి గాలిలో దూరం సుమారు 7,700 కిలోమీటర్లు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ నేరు విమానానికి పోయేటప్పుడు దాదాపు 10 గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణంలో గంట దాకా తగ్గుతుంది, పడమటి నుంచి వీచే పైగాలులు అప్పుడు వెనక నుంచి తోస్తాయి కాబట్టి.

టికెట్ మీద ఉండేవి ఏ ఊరి టైము ఆ ఊరిదే. చలికాలంలో హైదరాబాద్‌లో ఉదయం 8కి ఎక్కి లండన్‌లో మధ్యాహ్నం 12.30కి దిగితే అది నాలుగున్నర గంటల ప్రయాణం కాదు, లండన్ టైము వెనక ఉంటుంది కాబట్టి ఐదున్నర కలపాలి. మార్చి చివరి నుంచి అక్టోబరు చివరి దాకా నాలుగున్నర కలిపితే చాలు.

దుబాయ్ మీదుగా టికెట్ చాలాసార్లు చవక. అయితే అక్కడ రెండు గంటలే ఆగినా మొత్తం 13 గంటలు దాటుతుంది. అమ్మానాన్నలను ఒంటరిగా పంపేవాళ్లు మాత్రం నాలుగు డబ్బులు ఎక్కువైనా నేరు విమానమే ఎక్కించండి.