చెకుముకి తుపాకీతో 8 చలికాలాలు: పెన్సిల్వేనియా జింకల వేటకు నేను వాడుతున్న ఫ్లింట్‌లాక్

ముందే ఒక తప్పు ఒప్పుకుంటాను. నేను మొదట కొన్నది ఫ్లింట్‌లాక్ కాదు. 2016లో "మజిల్‌లోడర్ (గొట్టం మూతి నుంచి మందు దట్టించేది) అయితే చాలు కదా" అనుకుని ఒక ఇన్‌లైన్ తుపాకీ కొన్నాను, అంటే కొత్తరకం మజిల్‌లోడర్, మందు అంటించడానికి వెనక 209 ప్రైమర్ అనే చిన్న పేలుడు బిళ్ల పెట్టుకునేది, పైన స్కోప్‌తో సహా. డిసెంబర్‌లో నిబంధనల పుస్తకం తిరగేస్తుంటే అప్పుడు కనబడింది: పెన్సిల్వేనియాలో మామూలుగా క్రిస్మస్ మర్నాడు మొదలయ్యే మజిల్‌లోడర్ సీజన్‌లో ఫ్లింట్‌లాక్ తప్ప ఇంకేదీ పనికిరాదు. మజిల్‌లోడర్ సీజన్లలో ఇన్‌లైన్‌తో వెళ్లాలంటే అక్టోబర్‌లో కొమ్ముల్లేని జింకల కోసం ఇచ్చే ఒక్క వారమే. 1974లో మొదలైన దగ్గర్నుంచీ ఈ ఫ్లింట్‌లాక్ సీజన్‌లో వేరే తుపాకీలు లేవు, ఇక్కడ ఎవరినడిగినా చెప్పేవాళ్లు, నేనే అడగలేదు. ఆ సీజన్ అంతా ఇంట్లో కూర్చున్నాను.

2017లో కొన్నది ఇప్పటికీ వాడుతున్నాను. .50 క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం), ఇటలీలో తయారైంది, 650 డాలర్లు. చెకుముకి రాయి ఉక్కు మీద గీసుకుంటే రాలే నిప్పురవ్వలతో మందు అంటుకునే రకం. రాయి పట్టుకునే గుర్రం, దాని ఎదురుగా ఫ్రిజెన్ అనే ఉక్కు పలక, కింద చిటికెడు మందు పోసే పాన్, పాన్ పక్కన గొట్టంలోకి వెళ్లే సన్న రంధ్రం. లాక్ అనే ఈ యంత్రం మొత్తం ఇంతే. మా తాతకి పంట కాపలా లైసెన్సు మీద ఒంటి గొట్టం తుపాకీ ఉండేది, అడవి పందుల్ని బెదిరించడానికి, ఎన్నికలొచ్చాయంటే దాన్ని స్టేషన్లో అప్పజెప్పి రావాలి. ఆయనది కేపు పెట్టేది, రాయిది కాదు, కానీ పైన పోసే మందుని రంజకం అంటారని ఆయన నోటే విన్నాను. ఆయన మందు దట్టించడం చూస్తూ పెరిగాను కాబట్టి నాకిదేం కొత్త అన్న ధీమా ఉండేది. మొదటి రోజు రేంజ్‌లో పది సార్లు మీట నొక్కితే నాలుగు సార్లు పేలింది.

ఎంచుకునే విషయంలో నా అనుభవం ఒక్కటే, లాక్ బాగుంటే మిగతావన్నీ సర్దుకోవచ్చు. కొయ్య మీద ఇత్తడి పనితనం, గొట్టం మెరుపు చూసి మోసపోవద్దు. షాపులో అమ్మేవాళ్లని అడిగి, లైట్లు కాస్త తక్కువున్న మూలకెళ్లి, ఖాళీ తుపాకీలో రాయి బిగించి గుర్రం వదిలి చూడండి, నిప్పురవ్వలు తెల్లగా గుత్తిగా పాన్‌లో పడాలి. ఎర్రగా ఒకటీ అరా రాలితే ఆ ఫ్రిజెన్ ఉక్కు మెత్తనిదని అర్థం. నా స్నేహితుడు ఒకడు సగం ధరకి వస్తోందని కొన్నదాని ఫ్రిజెన్ ఒక్క సీజన్‌లోనే గాడి పడిపోయింది, మళ్లీ గట్టి చేయించడానికి పెట్టిన డబ్బు కలిపితే నాదాని ధరే అయింది. కంపెనీ పేరు వద్దులెండి.

ఇంకో సంగతి, నాది ఎడమచేతి వాటం. మామూలు ఫ్లింట్‌లాక్‌కి లాక్ కుడివైపు ఉంటుంది, ఎడమ భుజానికి ఆనిస్తే పాన్ మంట సరిగ్గా ముఖం ముందు లేస్తుంది. కళ్లద్దాలున్నా అలవాటు కావడం కష్టం. ఎడమవాటం మోడల్ కోసం నాలుగు నెలలు ఆగాను, ఆగినందుకు ఒక్కరోజు కూడా బాధపడలేదు.

గొట్టం లోపలి గాడులు నాదానికి 48 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. ఇన్‌లైన్‌లలో 28 అంగుళాలకే ఒక చుట్టు ఉండేది పొడుగాటి బుల్లెట్ల కోసం. గుడ్డలో చుట్టిన గుండ్రటి సీసపు గుండు వాడేవాళ్లకి నెమ్మదిగా తిరిగే గాడులే నయం. నా తుపాకీకి కుదిరిన లెక్క ఇదీ: 70 గ్రెయిన్ల (మందు కొలత) డబుల్ ఎఫ్ (గింజ సైజు) బ్లాక్ పౌడర్, అంటే పాతకాలపు నల్లటి తుపాకీ మందు, .490 అంగుళాల గుండు, అంగుళంలో వెయ్యోవంతులు పదిహేను మందం ఉండే పరుపు గుడ్డ, దానికి కాస్త గ్రీజు. 50 గజాల దగ్గర మూడు గుండ్లు అరచేతి వెడల్పులోనే పడతాయి. మీది ఇంతకంటే తక్కువతో మొదలుపెట్టి, మాన్యువల్లో ఉన్న హద్దు దాటకుండా, ఐదేసి గ్రెయిన్లు పెంచుతూ చూసుకోండి. పొగరాని మందు మాత్రం చచ్చినా పోయకూడదు, గొట్టం పగులుతుంది. బ్లాక్ పౌడర్‌కి బదులు వాడే పొడులు ఇన్‌లైన్‌లో బాగానే ఉంటాయి గానీ వాటికి ఎక్కువ వేడి కావాలి, రాయి రవ్వలకి సరిగా అంటుకోవు. అందుకే ఫ్లింట్‌లాక్‌కి అసలైన బ్లాక్ పౌడరే. 2021లో ఆ మందు తయారుచేసే లూసియానాలోని గోయెక్స్ ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఏడాదిపాటు డబ్బా దొరికితే పండగే అన్నట్టు ఉండేది, తర్వాత ఎస్టెస్ అనే కంపెనీ వాళ్లు దాన్ని కొన్నాక పరిస్థితి మెరుగుపడింది.

ఇక ఆ పదిలో ఆరు ఎందుకు పేలలేదంటే, తప్పంతా నాదే. పాన్ నిండుగా పోసేవాణ్ణి. ఎక్కువ పోస్తే బాగా అంటుకుంటుంది అనుకుంటాం, కానీ రంధ్రం మూసుకుపోయేలా పోస్తే ఆ మందు ఒత్తి కాలినట్టు మెల్లగా కాలుతుంది, ఒక్కోసారి పైన భగ్గుమని లోపల ఏమీ జరగదు. పాన్‌లో మూడో వంతు చాలు, అదీ రంధ్రానికి కాస్త ఎడంగా, మంట వేడి ఎగిరి లోపలికి దూకాలి. పోసే ముందు సన్నటి తీగతో రంధ్రం పొడవాలి. రాయి అంచు ఫ్రిజెన్‌కి సమాంతరంగా, పైనుంచి మూడో వంతు దగ్గర తగిలేలా తోలు ముక్కలో బిగించాలి. ఈ మూడు పనులూ కుదిరాక అదే తుపాకీ ఇరవైకి పందొమ్మిది సార్లు పేలింది, కొత్త భాగం ఒక్కటీ కొనకుండా.

మీట నొక్కినప్పటి నుంచి గుండు బయటపడేదాకా కాస్త ఆలస్యం ఉంటుంది, ఆ మధ్యలో కళ్ల ముందు మంట. తల ఎత్తామా, గురి పోయినట్టే. ఇంట్లో రాయి తీసేసి, దాని స్థానంలో చెక్క ముక్క బిగించి, ఖాళీ తుపాకీతో రోజూ రాత్రి పదిసార్లు సాధన చేసేవాణ్ణి, మా ఆవిడ "ఇంకా ఎన్నాళ్లు గోడతో యుద్ధం" అనేది.

దట్టించే చువ్వ మీద రెండు గీతలు గీసుకోండి, ఒకటి ఖాళీ గొట్టానికి, ఒకటి నిండినదానికి. గుండు మందు మీద ఆనకుండా మధ్యలో ఖాళీ ఉంటే ప్రమాదం, ఆ గీత చూస్తే తెలిసిపోతుంది. ఈ గీతలు గీసుకోకముందు ఒకసారి మాటల్లో పడి మందు పోయకుండానే గుండు దింపేశాను, రేంజ్‌లో ఉన్న ఒక ముసలాయన నవ్వుతూ తన గ్యాస్ పరికరంతో బయటికి తీసిచ్చాడు. మందు కూడా, దాన్ని నింపుకునే కొమ్ములోంచి నేరుగా గొట్టంలోకి వంచొద్దు, లోపల నిప్పు మిగిలి ఉంటే కొమ్ము మొత్తం చేతిలో పేలుతుంది. కొలతగిన్నెలోకి వంచి పోయాలి. పాన్‌లో మందు చిట్టచివర.

2018 డిసెంబర్ 28. స్టేట్ గేమ్ ల్యాండ్స్‌ (వేటకి అనుమతి ఉన్న ప్రభుత్వ అడవి) లో తుప్పర మంచు, ఆడ జింక 35 గజాల్లో పక్కకి తిరిగి నిలబడింది. గుర్రం పడింది, టక్ అని శబ్దం, అంతే. జింక తలెత్తి నా వైపే చూసి రెండడుగులు వేసి మళ్లీ మేత మొదలుపెట్టింది, నేను వణికే చేతులతో పాన్ తెరిస్తే లోపల మందు నల్లటి ముద్ద, తడిసిన కాటుకలా. వేలితో తుడిచి కొత్తది పోసేలోపు అది వెళ్లిపోయింది. ఆ తర్వాత లాక్ మీద గ్రీజు పట్టించిన తోలు గొడుగు కడుతున్నాను, చినుకులున్న రోజు అరగంటకోసారి, ఎండ రోజు గంటకోసారి రంజకం మారుస్తాను. తిరిగొచ్చాక తుపాకీని వెచ్చటి ఇంట్లోకి తేను, లోపల చెమ్మ పడుతుంది. ఇక్కడి నిబంధన ప్రకారం పాన్‌లో మందు మొత్తం తీసేస్తే ఫ్లింట్‌లాక్ ఖాళీ కింద లెక్క, అయినా నేను రేంజ్‌లో కాల్చేసి ఇంటికొస్తాను.

కడగడం గురించి ఎవరూ సరిగా చెప్పరు. బ్లాక్ పౌడర్ మసి గాలిలో తేమ పీల్చుకుంటుంది, రెండు రోజులు వదిలేస్తే తుప్పే. వేడి నీళ్లు, అంట్లు తోమే సబ్బు, ఆ తర్వాత నూనె, గంట పని. సింకు దగ్గర కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, అందుకే నన్ను గ్యారేజీకి తరిమారు. వేటకి వెళ్లే పొద్దున ఆ నూనె పొడి గుడ్డతో పూర్తిగా లాగేయాలి, లేకపోతే మందు తడుస్తుంది.

8 సీజన్లలో నాలుగు జింకలు, అన్నీ 60 గజాల లోపే. 75 దాటితే నేను కాల్చను. స్కోప్ లేకుండా ఇనుప గురిముక్కలతో సాయంత్రం వెలుగు తగ్గాక గొట్టం చివరున్న ముక్క కనబడదు, అది దీని పెద్ద లోటు. సంవత్సరానికి రెండు మూడు వారాంతాలే వెళ్లేవాళ్లు, శుభ్రం చేయడం విసుగనుకునేవాళ్లు అక్టోబర్ వారానికి ఇన్‌లైన్‌తోనే సరిపెట్టుకోండి. మొదటిసారి వెళ్లేవాళ్లకి వేట శిక్షణ కోర్సు తప్పనిసరి. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ చట్టం ముందు తెలుసుకోండి, ఫెడరల్ చట్టంలో ఈ పాతరకం తుపాకీలకి మినహాయింపు ఉన్నా రాష్ట్రాల లెక్కలు వేరు. మన దగ్గరయితే 1972 వన్యప్రాణి చట్టం కింద జింక మీద గురిపెట్టడమే నేరం, ఊళ్లో ఫొటోలు చూపించేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పాల్సి వస్తుంటుంది.

ఆ ఇన్‌లైన్ ఇంకా నా దగ్గరే ఉంది. ఏటా అక్టోబర్‌లో, సగం ధర ఫ్లింట్‌లాక్ కొన్న ఆ స్నేహితుడే అడిగి పట్టుకెళ్తాడు, కడిగి ఇవ్వరా అంటే మాత్రం ఒక్కసారీ కడగలేదు.