ఏళ్లుగా వింటున్నా విసుగు పుట్టని నా క్రిస్మస్ పాటలు

డిసెంబరు వచ్చిందంటే చిత్తూరులోని మా ఇంట్లో క్రిస్మస్ పాటలు తప్ప వేరేవి మోగవు. క్యాసెట్లలో మొదలుపెట్టి, సీడీలు దాటి, ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాను. పోగైనవి చాలానే. ఏటా వెతికి మరీ వేసుకునేవి మాత్రం కొన్నే.

అన్నిటికన్నా ముందు అమెరికా గాయకుడు జిమ్ రీవ్స్ ఆల్బమ్ ‘ట్వెల్వ్ సాంగ్స్ ఆఫ్ క్రిస్మస్’. 1963లో వచ్చింది. ఆయన పెదవులు మైకుకు ఆనేంత దగ్గరగా నిలబడి, గొంతు పెంచకుండా పాడేవాడు. అందుకే చిన్న స్పీకర్లో పెట్టినా మన పక్కన కూర్చుని పాడుతున్నట్టే ఉంటుంది. ఇంగ్లీషు అంతగా రాని మా అమ్మకు కూడా మాట మాటా విడిగా తెలుస్తుంది. ఇందులో ‘జింగిల్ బెల్స్’లాంటి సంబరం పాటలు నేను దాటేస్తాను. ‘మేరీస్ లిటిల్ బాయ్ చైల్డ్’ దగ్గర మాత్రం ఆగిపోతాను.

ఇదే పాటను 1956లో హ్యారీ బెలఫాంటే పాడాడు. 1978లో బోనీ ఎమ్ వాళ్లు దీనికి ‘ఓ మై లార్డ్’ కలిపి, బీటు పెంచి పాడితే ఆ ఏడు బ్రిటన్‌లో క్రిస్మస్ నంబర్ వన్ (పండగ వారం అమ్మకాల్లో మొదటి పాట) అయింది. కజ్జికాయలు, మురుకులు చేసే రోజున మాకు బోనీ ఎమ్ ఉండాల్సిందే. రాత్రి పొద్దుపోయాక రీవ్స్.

బింగ్ క్రాస్బీ ‘వైట్ క్రిస్మస్’ కూడా బాగుంటుంది. 1942 నాటి మాస్టరు, అంటే కాపీలు తీసే మూల రికార్డు, వాడీ వాడీ పాడైపోతే 1947లో మళ్లీ పాడించారట. వింటాను గానీ, దానికోసం ఎదురుచూడను.

‘సైలెంట్ నైట్’ నా దగ్గర రకరకాల గొంతుల్లో ఉంది. 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డోర్ఫ్ చర్చిలో మొదటిసారి పాడినప్పుడు తోడుగా ఉన్నది గిటారే. ఇన్నేళ్లు విన్నాక నాకు తేలిందేమంటే, దీనికి వాద్యాలు పెరిగేకొద్దీ పాట పలచబడుతుంది. దీని తెలుగు పాట, మన ‘శుద్ధరాత్రి’నైనా ఒక్క గిటారుతో పాడితేనే నాకు మనసుకు పడుతుంది.

‘ఓ సద్భక్తులారా’ది వేరే దారి. దానికి గుంపు కావాలి. ‘నమస్కరింప రండి’ అని మొదటిసారి పిల్లలు మెల్లగా ఎత్తుకోవాలి, రెండోసారి ఆడవాళ్లు కలవాలి, మూడోసారికి మగవాళ్ల బరువు గొంతులు దిగాలి. ఇంటింటికీ వెళ్లి పాడే క్యారల్ రౌండ్స్‌లో అర్ధరాత్రి ఒక ఇంటి గేటు ముందు అలా కుదిరినప్పుడు కలిగే ఆనందం ఏ సీడీలోనూ నాకు దొరకలేదు.

ఇక నా ప్రాణం ‘రక్షకుండుదయించినాడట’. గొల్లలు ఒకరినొకరు కేకేసి పిలుచుకున్నట్టు నడిచే కీర్తన ఇది. ఒకరు అందుకోవాలి, వెనక అందరూ పలకాలి. హార్మోనియం, డోలకు, తాళాలు, అంతే చాలు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో పాటల మీద రాగం, తాళం వేసి ఉంటాయి. పాడేవాళ్లు దాన్ని పట్టించుకుంటే ఎంత అందమో! నేను కొన్న సీడీల్లో ఒకదానిలో కీబోర్డు బీటు ఎంత వేగమంటే, చరణంలో సగం మాటలు మింగేశారు. దాన్ని మళ్లీ వేయలేదు.

కీర్తనల రికార్డింగు కొనేవాళ్లు ముందు ఒక చరణం కళ్లు మూసుకుని వినండి. పుస్తకం చూడకుండా మాట తెలిస్తేనే తీసుకోండి.