ముందు ఏవి చూడాలి: హాలీవుడ్ సినిమాలా, మనవా?

మాస్ కమ్యూనికేషన్‌లో చేరిన పిల్లలు ఏటా ఇదే అడుగుతున్నారు. మొన్న అమలాపురం నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, ముందు హాలీవుడ్, యూరప్ సినిమాలు చూసి తర్వాత మనవాటి దగ్గరికి రావాలా, మనవాటితోనే మొదలెట్టొచ్చా?"

మొదటి దారిలో లాభం ఉంది, కాదనను. పరీక్షలో అడిగే మాటలన్నీ అక్కడివే. ఒకే ముఖం పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక పెడితే చూసేవాళ్ళకి ఆ ముఖంలో వేరే వేరే భావాలు కనిపిస్తాయని రష్యన్ దర్శకుడు కులెషోవ్ చూపించాడు, అది తెలియకుండా ఎడిటింగ్ గురించి మాట్లాడలేం. సత్యజిత్ రాయ్ కూడా 1950లో లండన్‌లో ఇటలీ సినిమా 'బైసికిల్ థీవ్స్' చూసి, ఆ ధైర్యంతోనే వచ్చి 'పథేర్ పాంచాలి' తీశాడు.

కానీ ఆ వరసలో వెళ్తే మన సినిమా, జపాన్ సినిమా, ఇరాన్ సినిమా అన్నీ ఒకే మూట కట్టి చివరి యూనిట్‌లో వస్తాయి. అప్పటికే చేతికి ఒక కొలత వచ్చేసి ఉంటుంది. పాట వస్తే కథ ఆగిందంటాం, నటుడు మనవైపు తిరిగి మాట్లాడితే నాటకంలా ఉందంటాం, ఇంటర్వెల్‌ని లెక్కలోకే తీసుకోం. నా బాధంతా ఇదే.

'మూగ మనసులు' (1964) తీసుకోండి. ఫ్లాష్‌బ్యాక్ అంటే ఒక పాత్ర తన గతాన్ని గుర్తు చేసుకోవడం అని చదువుకుంటాం. ఇక్కడ కొత్తగా పెళ్ళైన జంట గోదాట్లో పడవ మీద వెళ్తుంటే గుర్తొచ్చేది పోయిన జన్మ! మరి ఆ జ్ఞాపకం ఎవరిది? కోటిపల్లి రేవు దాటి కాలేజీకొచ్చే పిల్లలు దీని మీద గంటసేపు వాదించుకున్నారు. పునర్జన్మ అంటే ఏంటో వాళ్ళకి చెప్పక్కర్లేదు కాబట్టి, ఆ నమ్మకాన్ని సినిమా మన చేత ఎలా నమ్మిస్తోంది అన్నదానికి నేరుగా వెళ్ళిపోయారు.

వాళ్ళకే తర్వాత జపాన్ దర్శకుడు ఓజు తీసిన 'టోక్యో స్టోరీ' (1953) వేశాను. కెమెరా అంత కిందుందేంటి అని ఎవరూ అడగలేదు, మా అమ్మమ్మగారింట్లో పీట మీద కూర్చుంటే కనిపించే ఎత్తే అది అన్నాడొకడు. ముందు హాలీవుడ్ చదువుకొచ్చిన బ్యాచ్ మాత్రం ఓజు 180 డిగ్రీల రూల్ (ఇద్దరు మాట్లాడుకుంటుంటే కెమెరా వాళ్ళ మధ్య గీతకి ఒకే వైపు ఉండాలన్నది) ఎన్నిసార్లు తప్పాడో లెక్కపెట్టింది.

టీవీ సంగతీ అంతే. టీవీ అంటే పని చేసుకుంటూ ఓ కన్నేసి ఉంచేది అని పాశ్చాత్య సిద్ధాంతం ఒకటుంది. 1987-88లో ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, టీవీకి దండేసి 'రామాయణ్' చూసిన దేశంలో ఆ మాట ఎలా నిలుస్తుంది?

మనవాటితో మొదలెడితే ఒక ప్రమాదం ఉంది, అభిమానం అడ్డొస్తుంది. మనది గొప్ప అని రాసేసి, ఆ కథలో ఏ కులం వాళ్ళు కనిపించలేదు, ఆడవాళ్ళకి మాట ఎంత దక్కింది అన్నవి వదిలేస్తారు. అక్కడ మాస్టారు గట్టిగా ఉండాలి.

కొరియన్ సీరియల్స్‌తో మొదలెట్టొచ్చా అని కూడా అడుగుతున్నారు. చూడండి, సెమినార్ పేపర్‌కి పనికొస్తాయి.

ఆ అమ్మాయికైతే మొదటి నెల తెలుగు, రెండో నెల జపాన్, బెంగాల్, ఆ తర్వాతే కులెషోవ్ అని చెప్పాను. నోట్సులో 'పాట వల్ల కథ ఆగింది' అని రాయబోతే, ఆగిందా, ఇంకెక్కడికైనా వెళ్ళిందా అని పక్కనే రాసుకోమన్నాను.