మా ఆయన ట్రేడింగ్ యాప్‌కి నా రివ్యూ

ఖాతా మా ఆయనది. కానీ రెండేళ్లుగా ఈ యాప్‌తో ఇంట్లో వేగుతున్నది నేను, అందుకని రివ్యూ నేనే రాస్తున్నా. పేరు చెప్పను, షేర్ల ధర పెరుగుతుందో తగ్గుతుందో అని పందెంలా ఆప్షన్స్ ఆడించే యాప్‌లన్నీ కాస్త అటూ ఇటూగా ఒకటే.

ముందు మంచి చెప్తా. ఎక్కడా ఆగదు, బాగా ఫాస్ట్. లాగిన్ అవ్వగానే, షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ పెట్టించిన హెచ్చరిక కూడా వస్తుంది, ఎఫ్ అండ్ ఓలో, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో, పదిమందిలో తొమ్మిదిమందికి నష్టమే అని. మా ఆయన బొటనవేలు దాన్ని చదవకుండానే నొక్కేస్తుంది. 2024లో సెబీ ఇంకో లెక్క చెప్పింది, మూడేళ్లలో 93 శాతం మంది నష్టపోయారు, ఒక్కొక్కరికి సగటున 2 లక్షల దాకా పోయిందని. చదివి వినిపిస్తే "మిగతా ఏడు శాతం ఎవరనుకున్నావ్?" అన్నారు.

9:15కి మార్కెట్ మొదలు, 3:30కి బంద్. ఆ మధ్యలో మా ఇంట్లో కుక్కర్ విజిల్ వేసినా తప్పే. ఎక్స్‌పైరీ రోజైతే, అంటే ఆ ఆప్షన్స్ గడువు ముగిసే రోజైతే, మరీ టెన్షన్. యాభై పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీది గురువారం ఉండేది, 2025 సెప్టెంబర్ నుంచి మంగళవారం చేశారు. మా ఆడపడుచు గృహప్రవేశం ఆ మార్పుకి ముందు, గురువారమే పడింది. లోపల సత్యనారాయణ వ్రతం జరుగుతుంటే ఈయన మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు, "అన్నయ్యకి ఏమైంది వదినా" అని ఆ పిల్ల అడిగితే ఆఫీస్ కాల్ అని చెప్పా. మా అమ్మాయి అయితే ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం అడిగే ముందు ఫోన్‌లో అంకె ఆకుపచ్చగా ఉందా ఎర్రగా ఉందా అని తొంగి చూసి వెళ్తుంది.

ఇంకో విచిత్రం. పొద్దున 40 వేలు పోగొట్టుకున్న మనిషి సాయంత్రం కొత్తిమీర కట్ట 20 రూపాయలా అని గొడవపడతారు. మా నాన్న నూజివీడు నుంచి రసాలు పంపితే "కార్గో ఖర్చుతో కలిపితే ఇక్కడ కొన్నా ఇంతే కదా" అన్నారు, స్పీకర్ ఆన్‌లో ఉందని చూసుకోకుండా. మొన్న వేసవిలో మా నాన్న పళ్లు పంపలేదు.

చార్జీలు తక్కువ అంటారు, ఆర్డర్‌కి 20 రూపాయలేగా. కొంటే ఒక 20, అమ్మితే ఒక 20. రోజుకి పదిహేను సార్లు కొని అమ్మితే 600, దాని మీద 18 శాతం జీఎస్టీ, అక్కడికే 708. లావాదేవీల మీద వేసే పన్ను ఎస్‌టీటీ, స్టాంప్ డ్యూటీ వేరే. లాభం వచ్చినా నష్టం వచ్చినా యాప్ వాళ్ల డబ్బు వాళ్లకి ముట్టేస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చింది రిపోర్ట్. ఎఫ్ అండ్ ఓ ఉంటే ఇన్‌కమ్ ట్యాక్స్‌కి ఐటీఆర్-3 అనే ఫారం వేయాలని రిటర్న్ వేసే ఆయన ఏడాది స్టేట్‌మెంట్ అడిగారు, మా ఆయన స్నానానికి వెళ్తూ "డౌన్‌లోడ్ చేసి పంపు" అన్నారు. అప్పటిదాకా "కొంచెం లాభంలోనే ఉన్నా" అనే మాటే విన్నాను. నష్టం 6,40,000. తెనాలి వెళ్లి మామగారిని "ఎకరంన్నర అమ్మి నా వాటా నాకిచ్చేయండి" అని ఎందుకు అడిగారో, మా మరిది మాట్లాడటం ఎందుకు మానేశాడో నాకు ఆ పీడీఎఫ్ చూశాకే అర్థమైంది. నాతో చెప్పింది మాత్రం ఫ్లాట్ కొందామని.

కిల్ స్విచ్ అని ఒకటుంది, నొక్కితే ఎఫ్ అండ్ ఓ మూసుకుపోతుంది, కానీ 12 గంటలు దాటితే మళ్లీ తెరుచుకోవచ్చు. పన్నెండు గంటలు ఏ మూలకి? పోయిన సోమవారం రాత్రి 11 గంటలకి మా ముందే నొక్కారు, అమ్మాయి చప్పట్లు కొట్టింది. మంగళవారం పొద్దున ఇడ్లీ తింటూ దాని స్కూల్ కబుర్లన్నీ విన్నారు, మామగారికి ఫోన్ చేయాలి అని కూడా అన్నారు. 11 దాటి రెండు నిమిషాలకి బాల్కనీ తలుపు వేసుకున్నారు.

రెండు స్టార్లు. ఆ రెండూ రిపోర్ట్‌కి.