చెక్క పెట్టా, థర్మకోల్ పెట్టా: రెండూ వాడుతున్నవాడి మాట

ముందే తేల్చి చెప్పేస్తాను. తేనెటీగలు పెంచేటప్పుడు ఈగల నిండు కుటుంబానికి చెక్క పెట్టె, చిన్న కుటుంబానికి థర్మకోల్ పెట్టె. నా దగ్గర రెండు రకాలూ పక్కపక్కనే ఉన్నాయి. "అన్నిటికీ ఇదొక్కటే కొనండి" అని ఎవరైనా అంటే, వాళ్ళ దగ్గర అమ్మకానికి ఆ ఒక్కటే ఉందనుకోండి.

థర్మకోల్ అనగానే టీవీ డబ్బాలో వచ్చే, గిల్లితే గింజలు రాలే తెల్ల ముక్క గుర్తొస్తుంది. సరుకు అదే పాలిస్టైరిన్, కానీ తేనె పెట్టెలకి వాడేది బాగా దట్టంగా పోసినది. గోడ మందం 3-4 సెంటీమీటర్లు ఉంటుంది, చెక్క గోడ 2 దగ్గరే ఆగిపోతుంది. ఒకే మందంలో పోల్చినా వేడిని ఆపడంలో థర్మకోల్ చెక్క కన్నా మూడు రెట్లు మెరుగు.

ఈగలకి ఇది చిన్న విషయం కాదు. పిల్లల గదిని అవి 34-35 డిగ్రీల దగ్గర నిలపాలి. చలేస్తే కూలీ ఈగలు రెక్కల కండరాలు వణికించి వేడి పుట్టిస్తాయి, ఆ కష్టానికి ఖర్చయ్యేది తేనే. ఎండ ముదిరితే నీళ్ళు మోసుకొచ్చి లోపల పూసి రెక్కలతో విసురుతాయి. గోడ మందంగా ఉంటే ఈ రెండు చాకిరీలూ తగ్గుతాయి. కొత్తగా విడదీసిన నాలుగైదు చట్రాల (ఈగలు తుట్టె కట్టే ఫ్రేముల) కుటుంబంలో తేడా బాగా తెలుస్తుంది: చెక్కలో పిల్లలు నడిమి చట్రాలు దాటవు, థర్మకోల్‌లో గోడ పక్క చట్రం మీద కూడా రాణి గుడ్లు పెడుతుంది. కుటుంబం నిండాక మాత్రం ఆ తేడా పెద్దగా కనబడలేదు. వేడి పైకే పోతుంది కదా, అందుకని చెక్క పెట్టె లోమూత మీద మందపాటి థర్మకోల్ పలక ఒకటి వేసి పైకప్పు మూశాను. చాలావరకు పని దానితోనే అయిపోయింది.

తేలిక అని ఊదరగొడతారు గానీ, నడుము పట్టేది ఖాళీ పెట్టె ఎత్తినందుకు కాదు. లాంగ్‌స్ట్రాత్ రకం పెట్టెలో పది చట్రాల పెద్ద గది, అంటే ఒక అంతస్తు, తేనెతో నిండితే 35 కిలోలు దాటుతుంది. అందులో డబ్బా బరువు రెండు మూడు కిలోలు తగ్గితే ఒరిగేదేముంది? పైగా పెద్ద గాలి వీస్తే ఖాళీ గదులు ఎగిరిపోతాయి, బెల్టు బిగించాల్సిందే.

నన్ను చెక్క వైపు లాగింది శుభ్రం చేసే పని. అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అనే తెగులు బీజాలు ఖాళీ పెట్టెలో కూడా దశాబ్దాల తరబడి బతుకుతాయి. తెగులు సోకిన చట్రాలూ మైనమూ ఎలాగూ తగలబెట్టాల్సిందే. చెక్క గదినైతే గీకేసి, బ్లో లాంపుతో లోపలి గోడ ముదురు గోధుమ రంగు తిరిగేదాకా కాల్చవచ్చు. థర్మకోల్‌కి మంట చూపిస్తే కరిగి కూర్చుంటుంది. దాన్ని చాకలి సోడా నీళ్ళతో రుద్ది, తర్వాత బ్లీచ్ ద్రావణంలో నానబెట్టాలి. ముంచితే మునగదు, తేలుతుంది! పైన రాళ్ళు పెట్టుకోవాలి.

ఈగలు పూసే జిగురు మరో తలనొప్పి. గదులు అతుక్కుపోతే ఇనప పట్టీ దూర్చి పైకి లేపుతాం. చెక్క అంచు దాన్ని ఓర్చుకుంటుంది, థర్మకోల్ అంచు నొక్కుకుపోతుంది. ఆ గుంటలోంచి వేరే పెట్టె ఈగలు దోపిడీకి దూరతాయి. అంచులకి గట్టి ప్లాస్టిక్ పట్టీ ఉన్న రకాలు దొరుకుతున్నాయి, కొంటే అవే కొనండి. మైనపు పురుగు గూడు కట్టుకునే ముందు చెక్కలో పడవ ఆకారపు గుంట తొలిచి ఊరుకుంటుంది, థర్మకోల్‌లో ఏకంగా సొరంగమే. చెక్కకి తేమ, చెదలు, మూలలు విడిపోవడం అనే రోగాలు లేవనను. కాకపోతే పాడైన పలక ఒక్కటే మార్చుకోవచ్చు.

ఇంకోటి ఎవరూ చెప్పరు. చెక్క గోడకి చెవి ఆనించి వేలితో తడితే లోపల ఝుమ్మని లేచి వెంటనే అణుగుతుంది. రాణి లేకపోతే ఆ మూలుగు సాగుతూనే ఉంటుంది. థర్మకోల్ గోడ నాకు ఆ కబురు చెప్పదు.

థర్మకోలే కొంటే ఈగల్ని దించకముందే రంగు వెయ్యండి, లేకపోతే ఎండకి పసుపెక్కి పొడి రాలుతుంది. నీళ్ళతో కలిపే గోడ రంగే వాడాలి, థిన్నర్ తగిలితే పెట్టె కరుగుతుంది. తేమ పీల్చే గుణం దానికి లేదు కాబట్టి అడుగున జాలీ ఉన్నదే తీసుకోండి. ఈగల్ని పట్టే వరోవా నల్లికి ఆక్సాలిక్ ఆమ్లం ఆవిరి పట్టేవాళ్ళు ఆ వేడి పళ్ళెం గోడకి తగలకుండా చూసుకోవాలి.

ఏది కొన్నా మీ చట్రం ఒకటి పట్టుకెళ్ళి లోపల దించి చూడండి. మెల్లిఫెరా (యూరప్ జాతి) ఈగలకి చట్రానికీ గోడకీ మధ్య 6 నుంచి 9 మిల్లీమీటర్ల సందు ఉండాలి. 1852లో లాంగ్‌స్ట్రాత్ పేటెంటు పొందిన పెట్టె నిలబడింది ఈ సందు మీదే. తగ్గితే జిగురు పూస్తాయి, పెరిగితే అదనపు తుట్టె కట్టేస్తాయి. లోపలి కొలత కలిసినా బయటి కొలత కలవదు. చెక్క గది మీద థర్మకోల్ గది పెడితే అంచు బయటికి వస్తుంది, అదే థర్మకోల్ గది మీద చెక్క గది పెడితే ఆ అంచు మీద వాన నీళ్ళు నిలుస్తాయి. అందుకే ఒక కుటుంబానికి పైనుంచి కిందిదాకా ఒకే రకం.