పదేళ్లుగా రాగి తూటాలతో వేట: నా అనుభవం

కాలిఫోర్నియాలో వేటకు సీసం తూటాలు వాడడం 2019 జులై 1 నుంచి పూర్తిగా నిషేధం. నేను 2015లోనే మానేశాను. చట్టం వస్తోందని కాదు, మా ఇంట్లో జరిగిన ఒక సంగతి వల్ల.

అప్పటికి నాలుగేళ్లుగా మెండొసినో కొండల్లో జింకల వేటకు వెళ్తున్నాను. .308 రైఫిల్, మామూలు సీసం తూటాలు. 2014లో కొట్టిన జింక భుజం మాంసాన్ని ఇంట్లోనే కైమా కొట్టి, మా ఆవిడ ఉండలు చేసింది. నాలుగేళ్ల మా బాబు నోట్లోంచి ఏదో తీసి పళ్లెం అంచున పెట్టాడు. ఆవగింజంత ఉంది. బూడిద రంగు, గోరుతో నొక్కితే గాటు పడింది. తూటా తగిలిన చోట చుట్టూ జానెడు మాంసం కోసి పారేశాను కదా అనే ధైర్యంతో వండిన మాంసం అది. బాబుకి రక్తపరీక్ష చేయించాం. ఏమీ లేదని తేలేదాకా నాకు నిద్ర పట్టలేదు.

మెత్తటి సీసం ఎముకకు తగిలితే పొడిపొడి అవుతుంది. ఎక్స్‌రే తీస్తే గాయానికి అడుగు దూరంలో కూడా చుక్కలు కనిపిస్తాయి. కంటికి ఆనవు. కైమా మిషన్ వాటిని మాంసమంతా కలిపేస్తుంది. 2008లో నార్త్ డకోటాలో వేటగాళ్లు పేదలకు దానమిచ్చిన జింక కైమాలో ఇలాగే సీసం బయటపడితే, పారేయమని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది. ఈ మాత్రం ఒంట్లో ఉన్నా పిల్లలకు ఫరవాలేదు అనగలిగే మోతాదు సీసానికి లేదు.

ఇక రాగి సంగతి. మొదట్లో చాలా ఇబ్బంది పెట్టింది. సీసం కన్నా రాగి తేలిక కాబట్టి అదే బరువుకు తూటా పొడవవుతుంది. పొడవాటి తూటా నిలకడగా తిరుగుతూ వెళ్లాలంటే బ్యారెల్ లోపలి మెలికలు దగ్గరగా ఉండాలి. నా రైఫిల్‌లో 12 అంగుళాలకు ఒక చుట్టే. అది తెలియక సీసంలో వాడిన 168 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) బరువే రాగిలోనూ కొన్నాను. వంద గజాల దగ్గర మూడు తూటాలు మూడున్నర అంగుళాల మేర చెదిరాయి. 150కి దిగాక అంగుళంపావులో పడ్డాయి. ఇంకోటి: మారే ముందు బ్యారెల్‌ని బాగా కడగాలి. లోపల అంటిన రాగిని కరిగించే మందు పూసి తుడిస్తే గుడ్డకు నీలం అంటుతుంది, ఆ నీలం పోయేదాకా తుడవాల్సిందే.

దగ్గర దూరాల్లో మాత్రం దీనికి వంక పెట్టలేను. ముందు భాగం నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది, ముక్కలవదు. ఒక అడవి పందిలో అవతలి వైపు తోలు కింద దొరికిన తూటాని తూచాను. 150లో 148 గ్రెయిన్లు అలాగే ఉన్నాయి. మాంసం వృథా సగానికి తగ్గింది.

దూరమైతే కథ వేరు. నాది 18 అంగుళాల పొట్టి బ్యారెల్, తూటా వేగం తక్కువ. వేగం చాలకపోతే రాగి విచ్చుకోదు. ఓసారి మాంటెరే కొండల్లో 300 గజాలకు పైగా ఉన్న పందిని కొట్టాను. తూటా సరిగ్గా విచ్చుకోకుండా సన్న బెజ్జం చేసుకుంటూ దూసుకుపోయింది. రక్తపు జాడ లేదు. రెండు గంటలు ముళ్లపొదల్లో వెతికితే దొరికింది, ఇంకా ప్రాణంతోనే. ఆ జంతువు పడిన బాధకు కారణం నేను. అప్పట్నుంచి 200 గజాలు దాటితే ట్రిగ్గర్ ముట్టుకోను.

ధర ఎక్కువ, నిజమే. ఇరవై తూటాల పెట్టెకు నేను ఇంచుమించు రెట్టింపు పెడుతున్నాను. కానీ జింకకీ పందికీ కలిపి, గురి సరిచూసుకోవడంతో సహా, ఏడాదికి రెండు పెట్టెలు దాటవు. ఈ నిషేధం వేటను చంపే ఎత్తుగడ అనే మిత్రులతో నేను ఏకీభవించలేను. .22 అనే చిన్న తూటాల విషయంలో మాత్రం వాళ్ల మాటే రైటు. పశువుల బీళ్లలో నేల ఉడుతల్ని కొట్టడానికి సీసం లేని .22 దొరకడమే కష్టం, దొరికినా గురి నిలవదు. ఈ లోటు తీరకుండానే నిషేధం పెట్టారు.

అయినా నేను నిషేధం వైపే. కాలిఫోర్నియా కాండర్ అనే పెద్ద రాబందు 1982లో లోకం మొత్తం మీద 22 మిగిలింది. పెంచి వదిలిన వాటిలో, కారణం తెలిసిన చావులకు అన్నిటికన్నా పెద్ద కారణం సీసమే. మేం కొండ మీద వదిలేసే పేగుల్ని అవి తింటాయి. కాండర్లు తిరిగే ప్రాంతాల్లో 2008లోనే నిషేధం వచ్చినా వాటి రక్తంలో సీసం ఆశించినంత తగ్గలేదు. దాన్ని చూపించి చట్టం దండగ అంటారు. నాకైతే అందరూ పాటించలేదనే అర్థమైంది. ఇండియాలో మా ఊళ్లో చిన్నప్పుడు గొడ్డు చస్తే ఆకాశం నుంచి రాబందులు దిగేవి. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, ఆ కళేబరాల్ని తిన్న వాటిని తుడిచిపెట్టింది. 2006లో ఆ మందు ఆపేనాటికే మా వైపు ఒక్కటీ లేదు.

పోయిన ఏడు మాంటెరేలో పందిని కోస్తుంటే పైన ఒక కాండర్ తిరిగింది, రెక్కకు నంబరు బిళ్ల. పేగుల్ని పూడ్చకుండా అక్కడే వదిలి వచ్చాను.